పాత మోటోక్రాస్ బండి: అమ్మాలా, బాగు చేయించాలా?

ప్రశ్న: మేము నిరుడు ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ నగర శివార్లలో ఒక పాత ఇల్లు కొన్నాము. ఇల్లు అమ్మిన వృద్ధురాలు గరాజ్‌లో ఒక మూల టార్పాలిన్ కప్పి ఉన్న మోటోక్రాస్ (మట్టి, ఎత్తుపల్లాల దారుల్లో జరిగే పోటీ) బండిని చూపించి, అది కీర్తిశేషులైన తన భర్తదని, దాన్ని తరలించే ఓపిక తనకు లేదని, మమ్మల్నే ఉంచుకోమని చెప్పారు. అది 1973 నాటి హోండా సీఆర్ 250ఎం ఎల్సినోర్ అని ఆమె మాట. ట్యాంకు మీది ఆకుపచ్చ పట్టీ వెలిసింది, సీటు చిరిగింది, కిక్ రాడ్డు తిరుగుతోంది కానీ ఎంత కొట్టినా ఇంజిన్ అందుకోవడం లేదు. వరంగల్‌లో చదువుకునే రోజుల్లో యెజ్దీ నడిపిన అనుభవమే తప్ప మెకానిక్ పని నాకు రాదు. ఇక్కడి దుకాణం వారొకరు దాన్ని కొత్త బండిలా తయారు చేసి ఇస్తామని, ఆ తర్వాత అమ్మితే పెట్టిన డబ్బుకు రెండింతలు వస్తుందని అంటున్నారు. నా భార్య ఉన్నదున్నట్టు అమ్మేయమంటోంది. మా అబ్బాయికి 16 ఏళ్లు. వాడు తానే నడుపుతానంటున్నాడు. మీ సలహా ఏమిటి?
— ఒక పాఠకుడు, కొలంబస్

జవాబు: మీ ముందున్న దారుల్లో ఒకదాన్ని ఇప్పుడే కొట్టివేయవచ్చు. అమ్మడం కోసం బాగు చేయించడమనే ఆలోచన మానుకోండి. ఇలాంటి బండిని పూర్తిగా విప్పి క్రాంకు, బోరు, పిస్టన్, కార్బురేటర్, చక్రాలు, ఫోర్కులు, రంగు, సీటు అన్నీ దుకాణంలో గంటల లెక్కన చేయిస్తే, అయ్యే బిల్లు చాలా సందర్భాల్లో బండికి వచ్చే ధరను దాటిపోతుంది. స్వయంగా పనిచేసుకునేవారు తమ శ్రమకు ఖరీదు కట్టుకోరు కాబట్టి వారికి గిట్టుబాటు అయినట్టు కనిపిస్తుంది. మీకు ఆ వెసులుబాటు లేదు. రెండింతలు వస్తుందన్న హామీ ఇస్తున్నది ఆ పని వల్ల డబ్బు వచ్చే దుకాణమే కాబట్టి, అంత లాభం ఉంటే మీ దగ్గర బండిని వారే ఎందుకు కొనుక్కోవడం లేదని ఒకసారి మర్యాదగా అడిగి చూడండి.

ఇక కిక్ కొట్టడం ఈ రోజుతో ఆపండి. పెట్రోలులోనే నూనె కలిపి నడిపే టూ-స్ట్రోక్ ఇంజిన్ ఏళ్ల తరబడి ఆగి ఉంటే, అందులో సిలిండరు గోడ మీద నూనె పొర మిగలదు; పిస్టన్ రింగులు పొడిగా రాసుకుని, ఉన్న కాస్త తుప్పుతో బోరంతా (సిలిండరు లోపలంతా) గీతలు పెడతాయి. స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోసి, రెండు రోజులు అలాగే ఉంచండి. ట్యాంకులో పాత పెట్రోలు ఉంటే తీసేయండి. ఎయిర్ ఫిల్టరు పెట్టెలోనూ సైలెన్సరు గొట్టంలోనూ టార్చి వేసి చూడండి; గరాజ్‌లో మూలపడిన బండ్లలో ఎలుకలు గూళ్లు కట్టుకోవడం సర్వసాధారణం.

అసలు ఆ బండి ఏదో తేల్చుకోకుండా ధర గురించి మాట్లాడుకోవడం వృథా. ఎల్సినోర్ పేరుతో హోండా ఒక్క బండినే చేయలేదు. పోటీల కోసం చేసినది సీఆర్ 250ఎం. అదే కాలంలో హెడ్‌లైటు, స్పీడోమీటరు పెట్టి రోడ్డు మీద కూడా నడిపే వీలుతో ఎంటీ 250 అనే బండినీ అమ్మింది. లైట్లు పీకేసిన ఎంటీని దూరం నుంచి చూస్తే సీఆర్ అనుకునే అవకాశం ఉంది, కానీ రెండింటి విలువకూ చాలా తేడా ఉంది. ఫ్రేము ముందు భాగంలో, హ్యాండిల్ తిరిగే గొట్టం దగ్గర, ముద్రించిన సంఖ్య సీఆర్250ఎం అని మొదలుకావాలి. ఇంజిన్ మీది సంఖ్య సీఆర్250ఎంఈ అని మొదలుకావాలి. ట్యాంకుకు ఒక అయస్కాంతం ఆనించి చూడండి. సీఆర్ ట్యాంకు అల్యూమినియంతో చేసినది కాబట్టి అయస్కాంతం అంటుకోకూడదు. ఇంజిన్ పక్క మూతలు మెగ్నీషియంవి. అవి పగిలిపోయో, పొడిపొడిగా తినేసిపోయో ఉంటే ఆ సంగతి రాసిపెట్టుకోండి, ఎందుకంటే మడ్‌గార్డులు, సీటు కవర్లు, స్టిక్కర్లు ఇప్పుడు కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు గానీ, మంచి స్థితిలో ఉన్న అసలు మూతలు, అసలు ఎగ్జాస్టు గొట్టం, అసలు రిమ్ములు దొరకడం కష్టం. మీ బండి విలువ చాలావరకు ఈ మూడింటిలోనే ఉంది.

ఈ బండికి అంత గిరాకీ ఎందుకో కూడా తెలిసి ఉండటం మంచిది. ఫోర్-స్ట్రోక్ ఇంజిన్లనే నమ్ముకుని ఎదిగిన హోండా మోటోక్రాస్ కోసం తయారుచేసి దుకాణాల్లో అమ్మిన మొదటి టూ-స్ట్రోక్ బండి ఇదే. 248 సీసీల ఇంజిన్, క్రోమోలీ ఉక్కు ఫ్రేము, సుమారు 97 కిలోల బరువు. కాలిఫోర్నియాలోని లేక్ ఎల్సినోర్ ఊళ్లో జరిగే పోటీ పేరే దీనికి పెట్టారు. 1973లో గ్యారీ జోన్స్ దీని మీద అమెరికా జాతీయ 250 సీసీ మోటోక్రాస్ టైటిల్ గెలిచాడు. హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ దీని ప్రకటనలో కనిపించాడు. 1974, 75 సంవత్సరాల్లో పోటీ బండ్ల సస్పెన్షన్ ఒక్కసారిగా మారిపోయి, వెనుక చక్రం అంతకు ముందుకంటే ఎంతో ఎక్కువ ఎత్తుకు లేచి దిగేలా తయారయ్యాయి. వెనుక ఒకే షాకు ఉండే తన మోనోషాక్‌ను యమహా దుకాణాల్లోకి తెచ్చింది అప్పుడే. అందుకే అమెరికాలో పాత బండ్ల పోటీలు నడిపే ఆర్మా అనే సంఘం కూడా 1974 దాకా వచ్చిన బండ్లను వేరే తరంగా చూస్తుంది. మీది నిజంగా 1973 నాటిదైతే ఆ గీతకు ఇటు వైపే ఉంటుంది. 1975, 76 నాటి ఎల్సినోర్ అయితే అంత మోజు ఉండదు.

కాగితాల విషయంలో మాత్రం అశ్రద్ధ చేయవద్దు. ఇంటితో పాటు నోటి మాటగా ఇచ్చిన వస్తువుకు మీరు యజమాని అని నిరూపించడం రేపు కొనేవారి ముందు కష్టమవుతుంది. రోడ్డు మీద తిరగని ఇలాంటి బండ్లకు ఆ రోజుల్లో టైటిల్ (ప్రభుత్వం ఇచ్చే యాజమాన్య పత్రం) లేకపోవడం మామూలే. ఆ పెద్దావిడను కలిసి, ఫ్రేము సంఖ్య, ఇంజిన్ సంఖ్య రెండూ వేసి, బండిని మీకు ఇచ్చినట్టు సంతకంతో ఒక పత్రం రాయించుకోండి. భర్త ఆస్తి ఆమెకు ఎలా సంక్రమించిందో తెలిపే కాగితం ఉంటే దాని నకలు కూడా తీసుకోండి. ఒహాయోలో వాహనాల టైటిళ్లు ఇచ్చేది కౌంటీ క్లర్క్ ఆఫ్ కోర్ట్స్ కార్యాలయం, కాబట్టి మిగతా సందేహాలు అక్కడే అడగండి. దొంగ బండ్ల వివరాలు చూసే ఇంటర్నెట్ సేవలు సాధారణంగా 17 అక్షరాల సంఖ్య అడుగుతాయి, ఆ పద్ధతి 1981 మోడళ్లతో మొదలైంది కనుక మీ సంఖ్యను అవి ఒప్పుకోవు; స్థానిక పోలీసులనే చూడమని కోరాలి.

ఆమెను కలిసినప్పుడు పాత ఫొటోలు, బిల్లులు, పోటీల్లో తగిలించిన నంబరు పలకలు, అటక మీద పెట్టెల్లో విడిభాగాలు ఏమైనా ఉన్నాయేమో అడగండి. ఒకే యజమాని చేతిలో ఉండి, ఆయన దాని మీద కూర్చున్న ఫొటోతో సహా వచ్చే బండికి కొనేవారు ఇచ్చే విలువే వేరు. అడక్కపోయినా ఇంకొక మాట చెబుతున్నాను: బండికి మంచి ధర పలకవచ్చన్న సంగతి ఆమెకు తెలియకపోయి ఉండవచ్చు. అది చెప్పి, ఆమె పిల్లలకు ఎవరికైనా కావాలేమో కనుక్కున్న తర్వాతే పత్రం రాయించుకోవడం నాకు సబబనిపిస్తుంది; చట్టం అడగకపోయినా.

ఇక అమ్మదలిస్తే, మీ భార్యగారు చెప్పినట్టు ఉన్నదున్నట్టే అమ్మండి. సబ్బునీళ్లతో, మెత్తటి గుడ్డతో మట్టి వదిలించండి, అంతకు మించి వద్దు. ముగ్గుతో తోమిన ఇత్తడి చెంబులా తళతళలాడించనక్కరలేదు. నీటిని జోరుగా చిమ్మే యంత్రం పెడితే బేరింగుల్లోకి నీరు పోతుంది, మిగిలిన స్టిక్కర్లూ లేచిపోతాయి. వెలిసిన ఆ ఆకుపచ్చ పట్టీ మీద కొత్త రంగు వేయించారంటే, ఫ్యాక్టరీలో వేసిన రంగు కోసమే వెతికే కొనుగోలుదారుడు మీ దగ్గరికి రాడు. సీటు చిరుగు కనిపించనివ్వండి. కొత్త కవరు వేసుకోవడం ఆయన పని. సంఖ్యల ఫొటోలు, మూతల ఫొటోలు, ట్యాంకు లోపలి ఫొటో, కిక్ రాడ్డు చేత్తో నెమ్మదిగా కదిపితే ఇంజిన్ తిరుగుతోందని చూపే చిన్న వీడియో ఉంటే చాలు. ధర నిర్ణయించేటప్పుడు ప్రకటనల్లో అడుగుతున్న ధరలు చూసి మురిసిపోకండి, వేలంలో నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. బ్రింగ్ ఎ ట్రైలర్ వంటి ఇంటర్నెట్ వేలాల్లో ముగిసిన ధరలు అందరికీ కనిపిస్తాయి.

మీరు ఉన్న చోటు కూడా మీకు కలిసివచ్చింది. అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ వారి హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం మీ పక్కనే పికరింగ్టన్‌లో ఉంది. వారు ఏటా వేసవిలో లెక్సింగ్టన్ దగ్గరి మిడ్-ఒహాయో ట్రాకులో జరిపే పాత బండ్ల ఉత్సవానికి మీ ఇంటి నుంచి కారులో గంట ప్రయాణం. అక్కడి సంతలో పాత విడిభాగాలు, పాత బండ్లు కుప్పలు తెప్పలుగా వస్తాయి. ఏమీ అమ్మకుండా, ఏమీ కొనకుండా ఒక రోజంతా తిరిగి, ఎల్సినోర్ యజమానులతో మాట్లాడి వస్తే, ఈ జవాబు చదివినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

ఉంచుకోవాలనిపిస్తే మాత్రం రంగు జోలికి పోకుండా, నడవడానికి కావలసిన పని ఒక్కటే చేయించండి. అందులో మెకానిక్ ఏది చేసినా చేయకపోయినా క్రాంకు సీళ్లు (క్రాంకు చివర్లలో గాలి చొరబడకుండా ఆపే రబ్బరు వలయాలు) మార్చి తీరాలి. యెజ్దీ వంటి టూ-స్ట్రోక్ బండి నడిపినవారు కాబట్టి ఇది మీకు తేలిగ్గా అర్థమవుతుంది: టూ-స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి, నూనె కలిసిన మిశ్రమం క్రాంకు గదిలోంచే సిలిండరుకు వెళ్తుంది. దశాబ్దాల పాటు ఎండిన రబ్బరు సీలు పక్క నుంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటే మిశ్రమంలో పెట్రోలూ నూనే తగ్గి, ఇంజిన్ మితిమీరి వేడెక్కి, పిస్టన్ సిలిండరులో పట్టేస్తుంది (సీజ్ అవుతుంది). బండి చక్కగా స్టార్టయి, మొదటి సవారీలోనే పట్టేసే ముచ్చట ఎక్కువగా ఇలాంటిదే. కార్బురేటరు వైపు, ఎగ్జాస్టు వైపు మూసివేసి, ఇంజిన్‌లోకి 6 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఒత్తిడితో గాలి ఎక్కించి, ఆరు నిమిషాల పాటు ఒత్తిడి మీటరు ముల్లు పడిపోకుండా నిలుస్తుందో లేదో చూసే పరీక్ష ఒకటి ఉంది. ఆ పరీక్ష పేరెత్తితే తెల్లముఖం వేసే మెకానిక్‌కు బండి అప్పగించవద్దు. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను, సీళ్లను మెత్తబరుస్తుంది కనుక అవి కూడా మార్పించి, సవారీ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసే అలవాటు చేసుకోండి.

మీ అబ్బాయి సంగతి. డ్రమ్ము బ్రేకులు, కొద్దిపాటి సస్పెన్షన్, ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఏమీ లేనట్టుండి, వేగం పుంజుకోగానే ఒక్కసారిగా విరుచుకుపడే టూ-స్ట్రోక్ బలం: నేర్చుకునేవాడికి ఇది తగిన బండి కాదు. మోటోక్రాస్ మీద నిజంగా మనసుంటే చిన్నదైన కొత్త బండి మీద, తగిన రక్షణ సామగ్రితో, శిక్షకుడి దగ్గర నేర్పించండి. నేర్చుకున్న తర్వాత కూడా ఎల్సినోరే కావాలంటే, రంగు చెడకుండా ఉన్న బండి మీ గరాజ్‌లోనే ఉంటుంది. ఆ కోరిక వాడికి లేకపోతే అప్పుడూ అమ్మవచ్చు. ఇంట్లో చోటు ఇబ్బంది కానంతవరకు తొందర లేదు. చోటు ఇబ్బందిగా ఉంటే, లేదా ముగ్గురిలో ఎవరికీ దాని మీద ప్రత్యేకమైన మక్కువ లేకపోతే, వచ్చే వేసవి సంత నాటికి అమ్మేయండి.

ప్రశ్న: మా బాబాయి 1990లలో డర్ట్ ట్రాక్ (మట్టి ట్రాకు) పోటీల కోసం మార్పించుకున్న యమహా ఆర్‌ఎక్స్ 100 మా ఇంట్లో ఉంది. హ్యాండిల్, మడ్‌గార్డులు, సైలెన్సరు, వెనుక షాకులు అన్నీ మారిపోయాయి. మళ్లీ మామూలు ఆర్‌ఎక్స్‌గా చేయించి అమ్మితే లాభమా? 50 ఏళ్లు దాటితే వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారని విన్నాను, అందాకా ఉంచుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ విషయం కొలంబస్ పాఠకుడికి చెప్పినదానికి కొంత భిన్నం. అక్కడ బండి పోటీ బండిగానే పుట్టింది. మీది రోడ్డు బండిగా పుట్టి పోటీ బండిగా మారింది. మన దగ్గర గిరాకీ అంతా ఫ్యాక్టరీ రూపంలో ఉన్న ఆర్‌ఎక్స్ 100కే. అయినా పని మొదలుపెట్టే ముందు ఫ్రేమును జాగ్రత్తగా చూడండి. సామాన్లు మాత్రమే మార్చి ఉంటే, తీసినవి బాబాయిగారి దగ్గర గోనెసంచిలో ఎక్కడో ఉంటే, వెనక్కి మార్చడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. ఫ్రేము వెనుక భాగం కోసి వెల్డింగ్ చేసి ఉంటే ఆ ఆలోచన మానుకుని, ఆయన పోటీల ఫొటోలతో సహా ఉన్నదున్నట్టు ఉంచుకోవడమో, అలాంటి బండ్లంటే ఇష్టమున్నవారికి ఇవ్వడమో మేలు.

వింటేజ్ నియమం 2021లో వచ్చింది. 50 ఏళ్లు దాటిన వాహనాలకే అది వర్తిస్తుంది. అందులోనూ అసలు రూపం పెద్దగా మారకుండా ఉండాలి. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1985లో మొదలైంది కాబట్టి మొట్టమొదటి బండికైనా 2035 దాకా ఆ అర్హత రాదు. ఆ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని రోజూ తిప్పడానికి కూడా వీల్లేదు. దానికోసం ఎదురుచూడకుండా ఆర్‌సీ సంగతి ముందు చూసుకోండి. సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. ఆ తనిఖీకి బండి ఆర్‌సీలో ఉన్న రూపంలోనే ఉండాలి. బాబాయిగారి పేరు మీదున్న ఆర్‌సీ, బండి మీది ఛాసిస్, ఇంజిన్ నంబర్లు సరిపోలితే రవాణా కార్యాలయంలో బకాయిలెంతో కనుక్కుని, ఆ మొత్తాన్ని కూడా కలుపుకుని లాభనష్టాలు లెక్కవేయండి. నంబరు తుప్పుపట్టి చదవడానికి రాకపోతే, కొత్తగా పంచ్ కొట్టి ఇస్తామనే మెకానిక్ షెడ్డుకు మాత్రం బండిని పంపవద్దు, అది నేరం. ఆ సంగతిని కూడా రవాణా కార్యాలయానికే రాతపూర్వకంగా తెలియజేయండి.