గ్రిడ్‌కి తీరరేఖ, లోతులు సిద్ధం చేసుకోవడం: పులికాట్ నాకు నేర్పిన పాఠం

మీరు అడిగింది ఇదీ: బెంగళూరులో ఎం.టెక్ ప్రాజెక్టు, మచిలీపట్నం నుంచి నాగపట్నం దాకా 2 కిలోమీటర్ల సెల్స్ (గళ్లు) ఉన్న రోమ్స్ (సముద్ర ప్రవాహాల్ని లెక్కించే కంప్యూటర్ మోడల్) గ్రిడ్, జెబ్‌కో (ప్రపంచ సముద్రాల లోతుల డేటా) లోతులు, జీఎస్‌హెచ్‌హెచ్‌జీ (ప్రపంచ తీరరేఖల డేటా) తీరరేఖ. స్మూతింగ్ (పక్కపక్క సెల్స్ మధ్య లోతుల తేడా తగ్గించడం) చేశాక కూడా మోడల్ రెండు గంటలు నడిచి పేలిపోతోంది, అంటే లెక్కలు అదుపు తప్పి ఆగిపోతోంది. తీరరేఖ మార్చాలా, లోతుల డేటా మార్చాలా?

ఇప్పటికి ఏదీ మార్చకండి. ముందు ఎక్కడ పేలిందో చూడండి. గరిష్ఠ వేగం ఏ సెల్‌లో వచ్చిందో రోమ్స్ లాగ్‌లోనే ఉంటుంది. ఆ సెల్‌ని మ్యాప్ మీద గుర్తు పెట్టండి. చెన్నైలో ఈ పని మొదలుపెట్టిన కొత్తలో నేను ఆ లాగ్ సరిగా చదవకుండా మూడు వారాలు టైమ్‌స్టెప్ (మోడల్ ఒక్కో అడుగులో ముందుకు జరిగే కాలం) తగ్గించుకుంటూ కూర్చున్నాను. రన్ ప్రతిసారీ ఐదో రోజు దగ్గర ఆగిపోయేది. చివరికి చూస్తే ఆ సెల్ అసలు సముద్రంలోనే లేదు, పులికాట్ సరస్సులో ఉంది.

మా అమ్మమ్మ వాళ్లది తడ. చిన్నప్పుడు ఆ నీళ్లలో నడుము లోతున తిరిగినవాణ్ణి కాబట్టి, మోడల్‌లో కూడా నిజం ఉండాలని అక్కడ లోతు అర మీటరు పెట్టాను. చెన్నై తీరంలో పౌర్ణమి, అమావాస్యల్లో ఆటుపోటు తేడా సుమారు ఒక మీటరు. అంటే సగటు మట్టం నుంచి నీరు అర మీటరు కిందికి దిగుతుంది. దానికి గాలి తోడైతే ఆ సెల్‌లో నీరే మిగలదు. తడి-పొడి సెల్స్ ఆప్షన్ ఆన్ చేయకపోతే మోడల్‌కి ఎండిపోవడం అంటే తెలియదు, పేలిపోతుంది. చివరికి సరస్సు మొత్తాన్ని నేలగా మార్చేశాను. ఆ సంగతి చెబితే మా మామయ్య, "అయితే మన ప్రళయకావేరిని పూడ్చేశావన్నమాట" అని నవ్వాడు. 2 కిలోమీటర్ల గ్రిడ్‌లో వేరే దారి లేదు మామయ్యా అన్నాను. ఇప్పటికీ అదే మాట. కనీస లోతు మీ ప్రాంతంలో నీరు దిగే గరిష్ఠం కన్నా బాగా ఎక్కువ ఉండాలి. ఇలాంటి గ్రిడ్‌కి నేను 5 నుంచి 10 మీటర్లు పెడతాను.

మీది రెండు గంటల్లోనే పోతోంది కాబట్టి ఇంకో లెక్క కూడా చూడండి. 3500 మీటర్ల లోతులో ఉపరితల తరంగం సెకనుకు సుమారు 185 మీటర్లు పోతుంది. 2 కిలోమీటర్ల సెల్‌ని 11 సెకన్లలో దాటేస్తుంది. మీ బారోట్రోపిక్ టైమ్‌స్టెప్ (ఈ వేగమైన తరంగాల లెక్కకి మోడల్ వాడే చిన్న అడుగు) అంతకన్నా బాగా తక్కువ ఉండాలి, 7 సెకన్లు దాటనివ్వకండి. తీరం దగ్గర పనిచేస్తున్నాం అనుకుంటాం కానీ, టైమ్‌స్టెప్‌ని నిర్ణయించేది గ్రిడ్‌లో అన్నిటికన్నా లోతైన మూల.

తీరరేఖ విషయానికొస్తే, 2 కిలోమీటర్లకి జీఎస్‌హెచ్‌హెచ్‌జీ చాలు. దాని మూలడేటాలో తీరం కొన్ని వందల మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు, మీ సెల్‌లో అది కలిసిపోతుంది. 200 మీటర్ల గ్రిడ్ అయితే మాత్రం చెన్నై, ఎన్నూరు రేవుల బ్రేక్‌వాటర్లు కూడా కావాలి. అప్పుడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తీసుకుని, ఉపగ్రహ చిత్రంతో పోల్చి చేత్తో సరిదిద్దుకోవాలి.

అసలు తలనొప్పి తీరరేఖకీ లోతులకీ పొంతన లేకపోవడం. మాస్క్ (తీరరేఖ నుంచి తయారైన, ఏ సెల్ నేలో ఏది నీరో చెప్పే పట్టిక) సముద్రం అన్నచోట జెబ్‌కో మూడు మీటర్ల ఎత్తు చూపిస్తుంది. సున్నా కన్నా తక్కువ ఉన్నదంతా సముద్రమే అనుకుంటే కేరళలో కుట్టనాడు వరిచేలు కూడా నీట మునుగుతాయి. పెత్తనం మాస్క్‌కి ఇవ్వండి, లోతులు దాని మాట వినాలి. మాస్క్ సముద్రం అన్న సెల్‌లో నేల ఎత్తు కనిపిస్తే, దాన్ని తీసేసి పక్కనున్న తడి సెల్స్ నుంచి నింపండి. ఆ తర్వాత మాస్క్‌ని కళ్లతో చూడండి. నాలుగు వైపులా నేల ఉన్న ఒంటరి నీటి గుంటల్ని మూసేయండి. కృష్ణా డెల్టా పాయల దగ్గర ఇవి కచ్చితంగా ఉంటాయి. మౌస్‌తో మార్చిన ప్రతి సెల్‌నీ ఒక స్క్రిప్ట్‌లో రాసుకోండి. గ్రిడ్ మళ్లీ కట్టాల్సి వస్తుంది, వచ్చి తీరుతుంది.

లోతుల్లో ఏది కొలిచిందో, ఏది అంచనానో ముందు తెలుసుకోండి. జెబ్‌కోతో పాటు ఏ సెల్ విలువ ఎలా వచ్చిందో చెప్పే గ్రిడ్ ఇంకొకటి ఇస్తారు. చాలామంది దాన్ని డౌన్‌లోడ్ కూడా చేయరు. ఉపగ్రహం కొలిచిన గురుత్వాకర్షణ నుంచి లోతు అంచనా వేసే పద్ధతి, బంగాళాఖాతంలాగా కిలోమీటర్ల మందాన ఒండ్రు పేరుకున్న చోట బాగా పనిచేయదు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు నావికా చార్టుల్ని డిజిటైజ్ చేసి, 200 మీటర్ల లోపు భాగం సరిదిద్దిన ఈటోపో (జెబ్‌కో లాంటిదే ఇంకో లోతుల గ్రిడ్) డేటాని 2007లో ప్రచురించారు. కాస్త ముతక గ్రిడ్, కానీ మీ షెల్ఫ్‌ని (తీరం పక్కనుండే తక్కువ లోతు సముద్రభాగాన్ని) దాంతో పోల్చి చూసుకోండి.

మీరే చార్టు నుంచి లోతులు తీసుకుంటే మాత్రం జాగ్రత్త. చార్టులో లోతు అతి తక్కువ ఆటుమట్టం నుంచి లెక్క, మోడల్‌కి కావాల్సింది సగటు సముద్ర మట్టం నుంచి. చెన్నై దగ్గర ఈ తేడా సుమారు 0.65 మీటర్లు, చార్టు లోతుకి కలపాలి. బాగా పాత చార్టుల్లో లోతులు ఫాథమ్‌లలో ఉంటాయి, ఒక ఫాథమ్ 1.83 మీటర్లు. నేను ఒకసారి వాటిని మీటర్లనుకుని ఎక్కించేశాను. పక్క చార్టుతో కలిసేచోట సముద్రగర్భంలో నిట్టనిలువు మెట్టు వచ్చింది, అలా నా తప్పు బయటపడింది.

జెబ్‌కో సెల్ సుమారు 450 మీటర్లు, మీ ఒక్క సెల్‌లో ఇరవై దాకా పడతాయి. మామూలు ఇంటర్‌పొలేషన్ (దగ్గరి విలువల నుంచి మధ్య విలువ లెక్కగట్టడం) వాటిలో నాలుగే చూస్తుంది. సెల్ లోపలున్న తడి విలువలన్నిటి సగటు తీసుకోండి. ఆ తర్వాతే స్మూతింగ్. పక్కపక్క సెల్స్ లోతుల తేడాని వాటి మొత్తంతో భాగిస్తే 0.2 దాటకూడదు అంటారు. అంటే 200 మీటర్ల పక్కన 300 మీటర్లు మించకూడదు. మన తూర్పు తీరంలో షెల్ఫ్ అంచు నుంచి లోతుకి దిగే వాలుకి ఇది చాలా కఠినం, అలాగని ఇష్టమొచ్చినట్టు చదును చేస్తే వాలే జరిగిపోతుంది, దాని వెంట పోయే తీరప్రవాహం కూడా జరుగుతుంది. నిబంధన దాటిన సెల్స్‌ని మాత్రమే సరిదిద్దే స్మూతర్ వాడండి. స్మూతింగ్‌కి ముందు నేల ఎత్తులు తీసేశారో లేదో కూడా చూసుకోండి. మీ విషయంలో నా అనుమానం ఇక్కడే.

చివరగా, గాలి, ఆటుపోటు ఏమీ ఇవ్వకుండా, ఉష్ణోగ్రత, లవణీయత లోతుతో మాత్రమే మారేలా పెట్టి పది రోజులు నడపండి. నీరు కదలకూడదు. కదిలితే ఆ ప్రవాహమంతా మీ లోతుల తప్పే. నా మొదటి గ్రిడ్‌లో వాలు మీద సెకనుకు ఇరవై సెంటీమీటర్లు వచ్చింది, అంతకుముందు నెల దాన్నే మా గైడ్‌కి తీరప్రవాహమని చూపించాను.

పేలిన సెల్ ఏదో, దానితో కలిపి చుట్టూ ఉన్న తొమ్మిది లోతులు ఏంటో కింద పెట్టండి, చూసి చెబుతాను.