బ్యూ: పల్లెనా, పట్నమా?

ప్రశ్న: స్వీడిష్ కథ ఒకటి, డేనిష్ కథ ఒకటి తెలుగు చేస్తున్నాను. రెండింట్లోనూ ‘బ్యూ’ అనే మాట వచ్చింది. ఒక నిఘంటువు పల్లె అంటోంది, ఇంకొకటి నగరం అంటోంది. దేన్ని నమ్మాలి?

జవాబు: రెండింటినీ నమ్మండి, దేని భాషకు దాన్ని. స్వీడిష్‌లో బ్యూ అంటే పల్లె, నాలుగైదు రైతు ఇళ్లున్నా చాలు. డేనిష్, నార్వీజియన్‌లలో అదే మాటకు పట్టణం, నగరం అని అర్థం. కోపెన్‌హాగన్, ఓస్లో కూడా బ్యూలే. మూలం మాత్రం ఒక్కటే, ‘నివసించు’ అనే పాత నార్స్ (ఈ మూడింటికీ తల్లి భాష) క్రియ. జనం ఉండే చోటు కాబట్టి బ్యూ. స్వీడిష్ వాళ్లు పెద్ద ఊళ్లను స్టాడ్ అని, బ్యూను పల్లెకే ఉంచుకున్నారు. డేనిష్‌లో బ్యూ పట్నాల పాలైంది, పల్లెకు ‘లాన్స్‌బ్యూ’ అని జంట మాట కట్టుకున్నారు. లాండ్ అంటే పల్లెసీమ, దానికి బ్యూ చేరింది. మన ‘పల్లెటూరు’ అచ్చం ఇలా కట్టిందే.

పలకడం: పెదవులు ‘ఊ’కి చుట్టినట్టు చుట్టి ‘ఈ’ అనండి. తెలుగులో రాసే ‘బ్యూ’ దానికి దగ్గరి రూపమే.

ఏ భాషో తెలియని వాక్యం ఎదురైతే ‘ఆ ఊరు’ అని చెప్పే రూపం చూడండి. స్వీడిష్‌లో ‘బ్యూన్’: బ్యూ చివర ఎన్ అక్షరం ఒక్కటే చేరుతుంది. డేనిష్, నార్వీజియన్‌లలో ‘బ్యూఎన్’: ఎన్‌కు ముందు ‘e’ అక్షరం కూడా ఉంటుంది. బహువచనం స్వీడిష్‌లో బ్యూఆర్, మిగతా రెండింట్లో బ్యూఎర్. కాబట్టి ‘టిల్ బ్యూన్’ అంటే పల్లెకు, ‘టిల్ బ్యూఎన్’ అంటే పట్నానికి. అనువాదం తిరగబడేది ఈ ఒక్క అక్షరం దగ్గరే.

రెండింటికీ ‘ఊరు’ అని రాసేస్తే సరిపోదా అంటారేమో. పాత్ర తన చోటు గురించి మాట్లాడేటప్పుడు సరిపోతుంది. పల్లెకూ పట్నానికీ పొత్తు కుదరకపోవడమే కథ అయినప్పుడు ఆ మాట కథను చప్పగా చేస్తుంది.

ఇంకో గోతి: స్వీడిష్‌లో గాలి విసురును కూడా ‘బ్యూ’ అనే అంటారు. వాతావరణ సూచనలో ‘ఇ బ్యూఆర్నా’ అని కనిపిస్తే అది ‘పల్లెల్లో’ కాదు, ‘గాలి విసిరినప్పుడు’.

ప్రశ్న: నార్వే కథల్లో ‘బ్యుగ్డ్’ అని ఉంటుంది. గ్రామం అని రాయొచ్చా?

జవాబు: రాయకపోవడమే మంచిది. గ్రామం అనగానే మనకు వీధి, పక్కపక్కనే ఇళ్లు కళ్ల ముందు నిలుస్తాయి. నార్వేలో చాలాచోట్ల ఆ బొమ్మే ఉండదు. లోయ పొడవునా, ఫ్యోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) ఒడ్డు వెంబడి రైతు కమతాలు దూరదూరంగా పరుచుకుని ఉంటాయి. ఆ కమతాన్ని గోర్డ్ అంటారు. నార్వీజియన్‌లో ఈ మాట చివరి ‘డ్’ వినిపించదు. ఒకే చర్చికి వెళ్తూ ఒకరినొకరు ఎరిగిన అలాంటి ప్రాంతమంతా కలిసి ఒక బ్యుగ్డ్. అందులో నాలుగైదు కమతాలు దగ్గరగా పడి ఉంటే ఆ ముక్క గ్రెండ్. బ్యుగ్డ్‌కు ‘పల్లెప్రాంతం’, ‘ఆ సీమ’ నప్పుతాయి. గ్రెండ్‌కు ‘నాలుగిళ్ల పల్లె’ చాలు.

ఇదే మాట ఫారో దీవుల్లో, గ్రీన్‌లాండ్ గురించిన డేనిష్ రాతల్లో వస్తే మాత్రం నిజంగా చిన్న ఊరే. స్వీడిష్ ‘హెమ్‌బ్యుగ్డ్’ అంటే పుట్టి పెరిగిన సీమ.

ప్రశ్న: స్వీడన్ పటంలో బ్యూ పేరు ఉంది, కానీ అక్కడ ఇళ్లు పొలాల్లో చెదురుమదురుగా ఉన్నాయి. పల్లె ఎక్కడికి పోయింది?

జవాబు: భూమి పంచేటప్పుడు చెదిరింది. పూర్వం ఇళ్లన్నీ ఒక్కచోట ఉండేవి, ఒక్కో రైతు పొలం మాత్రం సన్నని పట్టీలుగా ఊరి చుట్టూ ఎన్నో చోట్ల ఉండేది. పక్కవాడి పట్టీ దాటందే నీ పట్టీకి దారి లేదు కనుక దున్నడం, విత్తడం, కోయడం అందరూ కలిసి ఒకేసారి చేయాలి. 1780లలో స్కోనే ప్రాంతపు స్వానెహోల్మ్ భూస్వామి రట్గర్ మాక్లీన్ ఆ పట్టీలు చెరిపి ఒక్కొక్కరికి ఒకే చెక్క ఇచ్చి, ఇల్లు కూడా అక్కడికే మార్పించాడు. 1827 నాటి ‘లాగా షిఫ్టె’ చట్టంతో ఈ పద్ధతి దేశంలో చాలా చోట్లకు పాకింది. ఇళ్లు చెదిరాయి, పేరు మిగిలింది. ఈ చట్టం అంతగా అమలు కాని దాలార్నా ప్రాంతంలో, సిల్యాన్ సరస్సు చుట్టూ, ఇళ్లు ఇప్పటికీ గుంపుగానే కనిపిస్తాయి.

కాబట్టి 1700ల నాటి కథలో బ్యూ అంటే ఒత్తుగా ఉన్న పల్లె. నేటి కథలోదైతే పటం చూసి రాయండి.

ప్రశ్న: గణాంకాల్లోని ‘టేట్‌ఊర్ట్’ను పట్టణం అనవచ్చా?

జవాబు: అనకండి. స్వీడన్ లెక్కల్లో కనీసం 200 మంది ఉండి, ఇంటికీ ఇంటికీ మధ్య ఎడం సాధారణంగా 200 మీటర్లు మించకపోతే చాలు, అది టేట్‌ఊర్ట్. స్టాక్‌హోమ్ కూడా టేట్‌ఊర్టే, 230 మంది ఉన్న చోటూ టేట్‌ఊర్టే. 50 నుంచి 199 మంది వరకు ఉంటే ‘స్మోఊర్ట్’. నార్వే ‘టెట్‌స్టెడ్’కూ కనీసం 200 మందే కావాలి, కానీ ఇళ్ల మధ్య ఎడం సాధారణంగా 50 మీటర్లు దాటకూడదు. అంటే రెండు దేశాల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు. ‘జనావాసం’ అని రాసి, హద్దును ఒక వాక్యంలో చెప్పేయండి.

ప్రశ్న: ‘టోర్ప్’ పల్లెనా, గుడిసెనా?

జవాబు: స్వీడన్‌లో అది పెద్ద ఎస్టేట్ నేల మీద కౌలుదారు కుటుంబం ఉండే చిన్న ఇల్లు, దాని చుట్టూ ఉన్న కాస్త పొలం. కౌలును తరచూ పనిదినాల రూపంలో తీర్చేవారు. ఇప్పుడు వేసవి సెలవుల్లో గడిపే చిన్న ఇంటినీ టోర్ప్ అంటున్నారు. డెన్మార్క్‌లో ఇది ఊరి పేర్ల చివర ‘రుప్’, ‘ద్రుప్’, ‘స్ట్రుప్’గా అరిగిపోయి మిగిలింది, పాత పల్లె నుంచి విడిపోయి పుట్టిన పల్లెకు గుర్తు. కోపెన్‌హాగన్ విమానాశ్రయం ఉన్న కాస్ట్రుప్ పేరు చివర ఉన్నదీ అదే. ఊరి పేరులో వచ్చినప్పుడు అనువదించకుండా అలాగే ఉంచండి.