రిపోర్టులో ‘అజాగ్రత్త’ అని రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. మీ ఫ్యాక్టరీలో ప్రమాదాల రిపోర్టింగ్, విచారణ నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషించాను, కాస్త భయపడ్డాను కూడా. ఆ పనికి నువ్వు తగినదానివే, అందులో నాకు అనుమానం లేదు. భయం ఎందుకంటే, ఆ కుర్చీలో కూర్చుని మనం తేలిగ్గా రాసేసిన ఒక్క మాట ఇంకొకరి ఒంటి మీద గాయమై తేలుతుంది. నా చేతుల మీదుగా అలా జరిగింది. ముందు అదే చెబుతాను.

నేను ఈ పనిలోకి వచ్చిన రెండో ఏడు. కన్వేయర్ బెల్టు చివరి రోలర్ దగ్గర ఒక కుర్రాడి చెయ్యి బెల్టుకీ రోలర్‌కీ మధ్య పడి నలిగింది. ఎముక విరిగింది, వేళ్లు మాత్రం దక్కాయి. నేను వెళ్లి చూశాను, సూపర్‌వైజర్‌ని అడిగాను, గంటలో రిపోర్టు రాసేశాను. కారణం: నడుస్తున్న బెల్టులో చెయ్యి పెట్టడం, కార్మికుడి అజాగ్రత్త. చర్య: మందలించి, మళ్లీ శిక్షణ ఇచ్చాం. పై అధికారి సంతకం పెట్టారు, ఫైలు మూసేశాం. ఆరు వారాల తర్వాత అదే రోలర్ దగ్గర, వేరే షిఫ్టులో, ఇరవై ఏళ్ల అనుభవమున్న మనిషికి రెండు వేళ్లు పోయాయి.

అప్పుడు వెళ్లి ఆ బెల్టు పక్కన ఒక పూర్తి షిఫ్టు నిలబడ్డాను. మొదటిసారే చేయాల్సిన పని అది. చూస్తే ఏముంది, అరగంటకోసారి రోలర్‌కి సరుకు అంటుకుపోతోంది. బెల్టు పక్కకు జరుగుతోంది. బెల్టు ఆపితే వెనకున్న యంత్రాలన్నీ ఆగిపోతాయి. మళ్లీ నడపాలంటే ఎవరో ఒకరు పైనున్న కంట్రోల్ రూమ్‌కి ఎక్కి రీసెట్ చేయించుకోవాలి. దానికి ఇరవై నిమిషాలు. ఈలోగా ఫోర్‌మన్ ఫోన్ మోగుతూనే ఉంటుంది, లైను ఎందుకు ఆగిందని. అందుకని అందరూ నడుస్తున్న బెల్టునే శుభ్రం చేస్తున్నారు. మూడు షిఫ్టుల వాళ్లూ, కొన్నేళ్లుగా. ఫోర్‌మన్‌కి తెలుసు, మెయింటెనెన్స్ వాళ్లకి తెలుసు. తెలియనిది రిపోర్టు రాసిన నాకే.

అందరూ రోజూ చేస్తున్న పనికి, దెబ్బ తగిలిన ఒక్కడిని పట్టుకుని అజాగ్రత్త అన్నాను. నీకు నేను చెప్పదలచుకున్నది ఇదే. మనిషి పొరపాటు చేశాడని తేలిన చోట విచారణ మొదలవుతుంది, అక్కడ ఆగకూడదు. ఆ క్షణంలో అతనికి ఆ పని ఎందుకు సరైనదిగా తోచింది? ఈ ప్రశ్నకు జవాబు దొరికేదాకా పెన్ను కింద పెట్టకు.

ఇది నా ఒక్కడి పొరపాటు కాదు. అమెరికాలో బీమా సంస్థలో పనిచేసిన హైన్‌రిచ్ 1931లో వేల కొద్దీ ప్రమాదాల రికార్డులు చూసి, వాటిలో 88 శాతానికి కారణం మనుషుల తప్పు పనులేనని తేల్చాడు. ఆ అంకె ఇప్పటికీ ట్రైనింగ్ క్లాసుల్లో వినిపిస్తుంది. ఆ రికార్డులు ఎక్కడివి? బీమా క్లెయిములు, ఫ్యాక్టరీ యాజమాన్యాలు నింపిన రిపోర్టులు. అంటే నాలాంటి వాళ్లు గంటలో రాసి పంపిన కాగితాలు. మనం రాసిన మాటే తిరిగి వచ్చి మనకు సిద్ధాంతమై కూర్చుంది. పెద్ద గాయం ఒకటైతే చిన్న గాయాలు 29, గాయం లేకుండా తప్పినవి 300 అన్న లెక్క కూడా ఆయనదే. ఆ అంకెలు ప్రతి ఫ్యాక్టరీకీ అచ్చుగుద్దినట్టు సరిపోతాయని నమ్మకు. అయితే అందులోని ఒక విషయం మాత్రం పట్టుకో: తృటిలో తప్పిన ప్రమాదం దెబ్బ తగలకుండా అందిన సమాచారం.

ఆ సమాచారం నీదాకా రావాలంటే, చెప్పినవాడు చెప్పినందుకు బాధపడకూడదు. ఎవరైనా వచ్చి “మేడమ్, పైనుంచి బోల్టు పడింది, ఎవరికీ తగల్లేదు” అంటే, నీ నోటి నుంచి వచ్చే మొదటి మాట “చెప్పినందుకు థాంక్స్” అయి ఉండాలి. “అప్పుడు నువ్వక్కడ ఏం చేస్తున్నావ్?” అని అడిగావంటే అతను మళ్లీ నీ గదిలోకి రాడు, అతని స్నేహితులూ రారు. ఫారం ఒక పేజీ దాటనివ్వకు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే నువ్వే రాసుకో. వారం తిరిగేలోగా అతని దగ్గరికి వెళ్లి ఏం చేశారో చెప్పు. ఏమీ చేయలేకపోతే ఎందుకు కుదరలేదో చెప్పు. చెప్పి చెప్పి ఏమీ జరగకపోతే, జనం మానేస్తారు.

కాంట్రాక్టు కార్మికుల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండు. దెబ్బ తగిలిందని చెబితే మర్నాడు గేటు దగ్గరే ఆపేస్తారేమోనన్న భయం వాళ్లది. గుడ్డ కట్టుకుని పని చేస్తారు, ఇంట్లో జారిపడ్డానంటారు. మాటలతో పోయే భయం కాదది. చెప్పినవాడి పని నిలబడిందని వాళ్లు కళ్లారా చూడాలి. కాంట్రాక్టరుతో ఈ విషయం ముందే, పై అధికారి ఎదుటే మాట్లాడి పెట్టుకో.

గేటు దగ్గర ‘ప్రమాదాలు లేని రోజులు’ అని బోర్డు ఉంటుంది చూడు, దానికి బహుమతులు ముడిపెట్టడం నాకు మొదటినుంచీ ఇష్టం లేదు. దెబ్బ తగిలినవాడు తోటివాళ్లందరి బోనస్ పోగొట్టినవాడవుతాడు. ఇక నిజం ఎవరు చెబుతారు? ఇలాంటి వాటిలో ఇంకొకటుంది. కట్టుతో ఉన్న మనిషిని తీసుకొచ్చి ఆఫీసులో కుర్చీలో కూర్చోబెట్టి, పని దినం పోలేదని రాసుకోవడం. కుట్లు పడిన గాయాన్ని ప్రథమ చికిత్స ఖాతాలో వెయ్యడం. నీ మీద కూడా ఈ ఒత్తిడి వస్తుంది. సంతకం పెట్టకు.

అంకెలు బాగున్నంత మాత్రాన ఫ్యాక్టరీ బాగున్నట్టు కాదు. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సస్ సిటీలో బీపీ అనే చమురు కంపెనీ రిఫైనరీ పేలి 15 మంది చనిపోయారు, సుమారు 180 మంది గాయపడ్డారు. చనిపోయిన పదిహేను మందీ కాంట్రాక్టు సిబ్బందే. జారిపడటం, చెయ్యి కోసుకోవడం లాంటి గాయాల లెక్కలు అక్కడ తగ్గుతూనే ఉన్నాయి, యాజమాన్యం వాటిని చూసి ధైర్యంగా ఉంది. కానీ పేలుడుకు దారితీసిన అదే బ్లోడౌన్ డ్రమ్ (యంత్రాల్లో ఎక్కువైన ద్రవం, ఆవిర్లు వదిలే ట్యాంకు) నుంచి అంతకుముందు సంవత్సరాల్లో ఆవిర్లు బయటపడిన సందర్భాలున్నాయి. ఎక్కువసార్లు నిప్పు అంటుకోలేదు, ఎవరూ చనిపోలేదు, చాలావాటి మీద సరైన విచారణా జరగలేదు. కాబట్టి విచారణ ఎంత లోతుగా చేయాలో గాయాన్ని చూసి నిర్ణయించకు. ఇంకో అడుగు ఇటు జరిగి ఉంటే ఏమై ఉండేదో చూసి నిర్ణయించు. తల పక్కనుంచి పడిన బోల్టు, వేలు కోసుకోవడం కన్నా పెద్ద విషయం.

ఇక ప్రమాదం జరిగిన రోజు. ముందు మనిషి, తర్వాతే మిగతావన్నీ. అతనికి చికిత్స అందాలి, యంత్రం కరెంటు ఆపి, ఎవరూ మళ్లీ వెయ్యకుండా స్విచ్‌కి తాళం వెయ్యాలి. కరెంటు తీసేస్తే సరిపోదు, సిలిండర్లలో గాలి ఒత్తిడి, హైడ్రాలిక్ లైన్లలో ఒత్తిడి, పైకెత్తి ఉంచిన బరువులు అన్నీ చూసుకోవాలి. కాపాడటానికి వెళ్లినవాళ్లే రెండో బాధితులు కావడం చాలాసార్లు జరిగింది. ఇంటివాళ్లకు కబురు కంపెనీ నుంచే, నెమ్మదిగా మాట్లాడగల మనిషి ద్వారా వెళ్లాలి. ప్రభుత్వ అధికారులకు ఏ ప్రమాదాన్ని ఎంతసేపట్లో తెలియజేయాలో మీ చట్టంలో ఉంటుంది. ఆ గడువులు, ఫోన్ నంబర్లు, ఫారాలు ఈ వారమే ఒక కవరులో పెట్టి ఉంచు, ఆ రోజు వెతుక్కునే ఓపిక నీకుండదు. ప్రాణం పోయిన చోట, కాపాడే పనికి తప్ప, అధికారులు చూసేదాకా ఏదీ కదిలించకు.

మామూలు ప్రమాదాల్లో కూడా మన మొదటి శత్రువు చీపురు. రక్తం కనబడితే కడిగేయాలనిపిస్తుంది, లైను మళ్లీ నడపాలన్న తొందర ఒకటి. తాడు కట్టి, ఒక మనిషిని కాపలా పెట్టు. దూరం నుంచి, దగ్గర నుంచి ఫోటోలు తియ్యి. స్విచ్‌లు ఏ స్థితిలో ఉన్నాయి, వాల్వులు ఎంత తెరిచి ఉన్నాయి, యంత్రంలో చెయ్యి పడకుండా బిగించే గార్డు ఉందా, తీసి గోడకు ఆనించారా, లైట్లు వెలుగుతున్నాయా అన్నీ రాసుకో. విరిగిన ముక్కని చీటీ కట్టి బీరువాలో పెట్టు, లేకపోతే తెల్లారేసరికి తుక్కులో కలిసిపోతుంది. సీసీటీవీ రికార్డింగు కొన్ని రోజులకు దానంతటదే చెరిగిపోతుంది, ఆ రోజే కాపీ తీయించు. కంట్రోల్ ప్యానెల్లో అలారం రికార్డు కూడా అంతే. కెమెరా గడియారానికీ ప్యానెల్ గడియారానికీ తేడా ఉందేమో చూసుకో. ఒకసారి నాలుగు నిమిషాల తేడా గమనించక, ఏది ముందు జరిగిందో మొత్తం తలకిందులుగా అర్థం చేసుకున్నాం.

మనుషులతో మాట్లాడటం అన్నిటికన్నా కష్టం. అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. వీలైతే ఆ రోజే మాట్లాడు. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడు. నలుగురినీ కలిపి కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవాడి కథే నలుగురి కథ అవుతుంది. నీ గదికి పిలిపించకు, పని జరిగే చోటికి నువ్వే వెళ్లు. అక్కడైతే మనిషి చేత్తో చూపిస్తూ చెబుతాడు, మరిచిపోయినవి గుర్తొస్తాయి. వాళ్ల సూపర్‌వైజర్‌ని మాత్రం పక్కన ఉండనివ్వకు. “ఇది ఎవరినో పట్టుకోవడానికి కాదు, మళ్లీ జరగకుండా ఉండటానికి” అని ముందే చెప్పు. ఆ మాట చెప్పాలంటే అది నిజమై ఉండాలి. క్రమశిక్షణ చర్యలు చూసేవాళ్లు వేరుగా ఉండాలి, నీ నోటు పుస్తకం వాళ్ల చేతికి వెళ్లకూడదు. ఇది యాజమాన్యంతో మొదటి నెలలోనే తేల్చుకో.

“గార్డు తీసేశావు కదా?” అన్నది ప్రశ్న కాదు, తీర్పు. “షిఫ్టు ఎక్కినప్పటి నుంచి ఏమేం జరిగిందో చెప్పు” అని ఊరుకో. మధ్యలో ఆగితే నువ్వూ ఆగు, ఆ ఖాళీని నీ మాటతో నింపకు. ఎక్కువసార్లు అసలు విషయం ఆ నిశ్శబ్దం తర్వాతే వస్తుంది. “మామూలు రోజుల్లో ఈ పని ఎలా చేస్తారు?” అని తప్పకుండా అడుగు. ఆ ఒక్క ప్రశ్న నేను ఆ మొదటి కుర్రాడి విషయంలో అడిగి ఉంటే, రెండో మనిషి వేళ్లు ఉండేవి.

ఇవన్నీ చేతికొచ్చాక ఒక పెద్ద కాగితం మీద గంటల ప్రకారం వరుసగా రాసుకో. తర్వాత ఒక్కో మలుపు దగ్గరా ఎందుకు, ఎందుకు అని అడుగుతూ వెళ్లు. ఐదు సార్లు అడగాలంటారు. మూడు సార్లకే తెలియొచ్చు, ఏడు పట్టొచ్చు. ఒకే దారిలో పోకు, చాలా ప్రమాదాలకు రెండు మూడు కారణాలు ఒకేచోట కలుస్తాయి. నీ ప్రశ్న మెయింటెనెన్స్ బడ్జెట్ దాకానో, కొనుగోళ్ల విభాగం దాకానో, టార్గెట్ పెట్టిన వాళ్ల దాకానో వెళ్తుంది. అక్కడ నిన్ను చాలించమంటారు. మర్యాదగా, ఆధారాలతో రాయి, కానీ రాయి.

చర్యల దగ్గర నాది ఒకటే కొలత. మనిషి అలసిపోయి, పరధ్యానంగా ఉన్నప్పుడు కూడా అది పనిచేస్తుందా? ప్రమాదాన్నే తీసేయడం అన్నిటికన్నా మేలు, తర్వాత తక్కువ ప్రమాదమున్న పద్ధతి, ఆ తర్వాత గార్డు, అది తెరిస్తే యంత్రం దానంతటదే ఆగిపోయే ఇంటర్‌లాక్ లాంటివి. నోటీసులు, శిక్షణ, చేతి తొడుగులు అన్నిటికన్నా చివర. ‘శిక్షణ ఇవ్వాలి’ అన్నది ఒక్కటే చర్యగా ఉన్న రిపోర్టు కనబడితే, విచారణ సగంలో ఆగిందని అనుకో. ప్రతి చర్యకూ ఒక మనిషి పేరు, తేదీ ఉండాలి. నెల తర్వాత నువ్వే వెళ్లి చూడు, రాత్రి షిఫ్టులో వెళ్లు. పెట్టిన గార్డు ఉందో, తీసి పక్కన పెట్టారో అప్పుడు తెలుస్తుంది. తీసేసి ఉంటే కోప్పడకు, అది పనికి ఎక్కడ అడ్డొస్తోందో అడుగు.

చివరి మాట, ఇది ఏ ఫారంలోనూ ఉండదు. రిపోర్టు పంపే ముందు దెబ్బ తగిలిన మనిషి దగ్గరికి తీసుకెళ్లి చదివి వినిపించు. ఆ రెండో ప్రమాదం తర్వాత రోలర్‌కి గార్డు, అంటుకున్న సరుకు గీకేయడానికి స్క్రేపర్, కిందే బెల్టు ఆపి నడుపుకోవడానికి స్విచ్ అని రాసుకుని అతని ఇంటికి వెళ్లాను. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అంతా విన్నాడు. “అన్నీ బాగున్నాయి సార్. కానీ నేను ఆ రోజు శుభ్రం చెయ్యట్లేదు. బెల్టు పక్కకు పోతుంటే తోస్తున్నాను. కాసేపటి ముందే శుభ్రం చేశారు, అయినా పోతోంది” అన్నాడు. మర్నాడు వెళ్లి చూస్తే, బెల్టు మీదికి సరుకు జార్చే పైనున్న షూట్ నుంచి అది మధ్యలో పడకుండా ఒక పక్కగా పడుతోంది. స్క్రేపర్ పెట్టినా బెల్టు జరుగుతూనే ఉండేది, ఎవరో ఒకరు చేత్తో తోస్తూనే ఉండేవారు. షూట్ సరిచేయించాం.

మీ లైన్ల దగ్గర రెండు మూడు రాత్రి షిఫ్టులు గడిపాక నాకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మామయ్య