చిట్టికి, అంతర్వేది సైకిలు ప్రయాణం గురించి

చి.సౌ. చిట్టికి పెద్దమ్మ దీవెనలు.

మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంక్రాంతికి వచ్చి, పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని సఖినేటిపల్లి రేవు నుంచి అంతర్వేది దాకా సైకిళ్ళ మీద వెళ్తారటగా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సగం సంతోషంతో, సగం భయంతో. నేను 1979లో ఉద్యోగంలో చేరి కాలవగట్టు మీద సైకిలేసుకుని బడికెళ్తుంటే, అరుగుల మీద కూర్చున్నవాళ్ళు మాటలాపేసి చూసేవారు. ఇప్పుడు నువ్వు పిల్లల్ని కూడా తీసుకుని వెళ్తానంటున్నావు. మీ పెదనాన్న ఉంటే ఊరంతా తిరిగి చెప్పుకునేవారు.

ముందు నవంబరు అనుకుని తర్వాత మార్చారట. బతికించారు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో మంచం కింద దూరి, పెంకులు ఎగిరిపోతుంటే విన్న చప్పుడు నాకింకా చెవుల్లోనే ఉంది. తెల్లారి చూస్తే కోనసీమలో నిలబడ్డ కొబ్బరిచెట్టు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. నవంబరు నెలలో సముద్రం ఒడ్డుకి పిల్లల్తో వెళ్తామని నా దగ్గర ఎవరూ అనకూడదు. సంక్రాంతి రోజులు మంచివి. భీష్మ ఏకాదశికి మాత్రం వద్దు. అంతర్వేది నరసింహస్వామి కల్యాణం జనంలో సైకిలు నడిపించుకు వెళ్ళడానిక్కూడా చోటుండదు.

దారి గురించి బెంగపడకు. కొత్తగా తొక్కేవాళ్ళకి మన డెల్టాని మించిన నేల లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవలన్నీ నీళ్ళు వాటంతటవే పారేంత సన్నని వాలుతో తవ్వారు. ఆ కాలవల పక్కనే మన గట్లు. అందుకే ఎక్కడా ఎత్తెక్కి ఆయాసపడే పని లేదు, వంతెనల దగ్గర తప్ప. నరసాపురంలో రైలు దిగి పంట మీద, అదే రేవు దాటించే పెద్ద పడవ మీద, వసిష్ఠ గోదావరి దాటండి. చించినాడ వంతెన మీదుగా 216 జాతీయ రహదారిలో రాకండి. అక్కడ లారీల పక్కన తొమ్మిదేళ్ళ పిల్లాడు తొక్కుతున్నాడంటే నేను ఇక్కడ కూర్చోలేను. పంట ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అందరూ సైకిలు దిగి నడిపించండి, ఆ చెక్కలు తడిగా ఉంటాయి.

తెల్లవారుతూనే బయల్దేరండి. ఇది ఎండ గురించి మాత్రమే కాదు. రాత్రంతా చల్లబడిన నేల మీంచి పొద్దున్న గాలి సముద్రం వైపు వీస్తుంది, అంటే వెళ్ళేటప్పుడు మీ వీపు మీద. ఎండెక్కి నేల వేడెక్కాక సముద్రపు గాలి లోపలికి మళ్ళుతుంది, అంటే వచ్చేటప్పుడూ వీపు మీదే. ఆలస్యంగా లేచారో, వెళ్ళేటప్పుడే ఎదురుగాలి, పిల్లాడు సగం దారిలో ఏడుస్తాడు. పైరగాలిని నమ్ముకుని ఇరవై ఎనిమిదేళ్ళు బడి నుంచి ఇంటికొచ్చాను, తెలిసే చెబుతున్నాను.

చక్రాల్లో గాలి, మంచినీళ్ళు, టోపీలు, పంక్చరు సామాను నువ్వే చూసుకుంటావు. సరుగుడు తోటల దగ్గర ముళ్ళు చూసుకోండి. గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నది నీళ్ళూ సముద్రం నీళ్ళూ రెండు రంగుల్లో కనిపిస్తాయి. ఒడ్డునే నిలబడి చూపించు, అక్కడ ఎవర్నీ నీళ్ళలోకి దింపకు. తడి ఇసక గట్టిగా ఉంది కదా అని దాని మీద సైకిలు తొక్కితే ఉప్పు చైనుని తినేస్తుంది. సాయంత్రం మంచినీళ్ళతో కడిగి, నూనె వెయ్యాలి.

ఇక అసలు మాట. చిన్నదాన్ని వెనకాల క్యారేజీ మీద కూర్చోబెట్టుకుంటానన్నావట.

మా వాడి, అదే మీ అన్నయ్య కుడి మడమ మీద మచ్చ చూశావుగా. జామచెట్టు మీంచి పడ్డాడని మీ అందరికీ చెప్పాను. పడలేదు. అది నేను చేసింది.

వాడికప్పుడు నాలుగేళ్ళు. వెనక చక్రానికి చీర పడకుండా కట్టిన వల చిరిగిపోయింది. జీతం వచ్చాక కొత్తది కట్టిద్దామని ఊరుకున్నాను. బడి అయ్యాక క్యారేజీ మీద వాణ్ణి కూర్చోబెట్టుకుని గట్టు మీద వస్తున్నాను. నా నడుం పట్టుకుని కబుర్లు చెబుతున్నవాడు నెమ్మదిగా మాటలు తగ్గించాడు. కునుకు పట్టిందనుకున్నానే గానీ దిగలేదు, చీకటి పడకుండా ఇల్లు చేరాలని. ఇంతలో సైకిలు బరువెక్కింది. గట్టు మీద బంకమట్టి, మడ్‌గార్డులో ఇరుక్కుందనుకుని ఇంకాస్త బలంగా తొక్కాను చిట్టీ. ఇంకాస్త బలంగా తొక్కాను. అప్పుడు అరిచాడు.

కాలు చువ్వల మధ్యలోంచి వెళ్ళి ఇనపకడ్డీకి నొక్కుకుపోయింది. కంగారులో పట్టుకుని లాగాను, ఇంకా చీరుకుపోయింది. పొలంలోంచి ఒకాయన పరిగెత్తుకొచ్చి, నా చేతులు పక్కకి నెట్టి, చక్రాన్ని మెల్లగా వెనక్కి తిప్పి కాలు తీశాడు. కట్టు కట్టినాయన పైపైన గీసుకుంది, తగ్గిపోతుందన్నాడు. నేనూ అదే నమ్మాను. ఆరో రోజుకి మడమ మీద చర్మం నల్లబడింది. పట్నం తీసుకెళ్తే, నలిగిన చర్మం పైకి బాగానే కనిపించి లోపల చచ్చిపోతుందని డాక్టరు చెప్పారు. తొడ మీంచి చర్మం తీసి వేశారు. రెండు నెలలు వాడు నేల మీద కాలు పెట్టలేదు.

మీ పెదనాన్న నన్ను ఒక్క మాట అనలేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు సన్నని ఇనపవల కొనుక్కొచ్చి, చక్రానికి రెండు వైపులా తనే కూర్చుని కట్టారు.

అందుకని చిన్నదానికి వట్టి క్యారేజీ వద్దు. కాళ్ళకి రెండు వైపులా అడ్డు ఉండి, నడుముకీ పాదాలకీ పట్టీలున్న పిల్లల సీటు కొను. కాళ్ళకి బూట్లు వెయ్యి, చెప్పులు కాదు. మాటలు తగ్గితే దిగు, ఎవరు తొందరపెట్టినా సరే. చక్రం బరువెక్కితే తొక్కకు, ఆగు. దేవుడు చల్లగా చూసి ఏమీ జరగదు గానీ, జరిగితే కాలు లాగకు. చక్రం వెనక్కి తిప్పు, లేదా చువ్వలు కోయించు. గీసుకుపోయినట్టే కనిపించినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళు, తర్వాత వారం పాటు రోజూ చర్మం రంగు చూస్తూ ఉండు.

ఇది రాసేముందు అన్నయ్యకి ఫోను చేసి, చిట్టికి చెప్పనా అని అడిగాను. జామచెట్టు కాదని వాడికి ఎప్పట్నుంచో తెలుసట. "చెప్పమ్మా" అన్నాడు, అంతే.

నిన్ను భయపెట్టాలని కాదు తల్లీ. మీరు రావాలి. ఆ పిల్లలు గోదావరి గాలిలో సైకిలు తొక్కాలి. అల్లుడుగారిని ముందు వెళ్ళమను, మధ్యలో బాబు, వెనక నువ్వు. అలా అయితే పిల్లాడు నీ కళ్ళముందే ఉంటాడు.

నీ సైకిలు వెనక చక్రం కొలత టేపుతో తీసి నాకు పంపు. రాజోలులో వల చేయించి ఉంచుతాను. తేగలు ఉడకబెట్టి తెస్తాను. మొదటి పంటకి రండి, రేవులోనే ఉంటాను.

మీ పెద్దమ్మ