ఎస్టీపీలో (మురుగునీటి శుద్ధి కేంద్రంలో) శుద్ధి చేసిన నీళ్లు వదిలినా మూసీలో గుర్రపుడెక్క ఎందుకు పెరుగుతుంది?

మామూలు ఎస్టీపీ మురుగులోని కుళ్లును తీసేస్తుంది గానీ, మొక్కలకు ఎరువయ్యే నత్రజని, భాస్వరాలను చాలావరకు నీళ్లలోనే వదిలేస్తుంది. గాలి కొట్టే ట్యాంకులో బ్యాక్టీరియా కుళ్లును తినేస్తే, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటిన బీఓడీ (కుళ్లును తినడానికి బ్యాక్టీరియాకు కావాల్సిన ఆక్సిజన్ కొలత) 30 లోపుకు దిగుతుంది. మురుగులో నత్రజని ఎక్కువగా ఉండే రూపమైన అమ్మోనియా మాత్రం నైట్రేట్‌గా మారుతుందంతే, నత్రజని పోదు. ఆ నైట్రేట్ పోవాలంటే గాలి కొట్టని ట్యాంకు ఇంకొకటి కావాలి. భాస్వరానికి పటిక గానీ ఫెర్రిక్ క్లోరైడ్ గానీ కలపాలి. గాలి కొట్టే బ్లోయర్లు ఆగిపోతే అమ్మోనియా అలాగే బయటికొస్తుంది, చేపలు చావడానికి అదీ ఒక కారణం.

ఈ ఎరువు మూసీతోనే ఆగదు. మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వరదొస్తే ఈ ఎరువులో కొంత సముద్రం దాకా పోతుంది. అక్కడ నాచు పెరిగి, చచ్చి కుళ్లేటప్పుడు తీరపు నీటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది.

నీళ్లు తేటగా ఉన్నాయి, క్లోరిన్ కూడా వేశారు కాబట్టి పూర్తిగా శుద్ధి అయినట్టేనని చాలామంది అనుకుంటారు. క్లోరిన్ క్రిములను చంపుతుంది, నైట్రేట్‌ను ముట్టదు.