మోకాళ్ళు బెంచీ కింద పట్టని పిల్లలు

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరండి. మా అబ్బాయి తొమ్మిదో క్లాసు, సోషల్ ప్రాజెక్టుకి సియెర్రా లియోన్ అనే దేశం వచ్చింది, అక్కడ చిన్నపిల్లల చేత తుపాకులు పట్టించారని చదివి రెండ్రోజుల్నించి ఒకటే గోల, యుద్ధం అయిపోయాక వాళ్ళు మళ్ళీ బడికెళ్ళారా అమ్మా, ఏ క్లాసులో కూర్చోబెట్టారు అని. 96 తుఫానుకి మా బడి బంగాళా పెంకులన్నీ ఎగిరిపోతే నేనూ కొన్నాళ్ళు చర్చి అరుగు మీద చదివినదాన్నే, కానీ వీడికేం చెప్పాలో తెలీట్లేదండి.

జవాబు: ఏ క్లాసులో అన్నాడు చూడండమ్మా, అసలు చిక్కంతా అక్కడే. మీ బడి 1996 నవంబర్ 6న ఒక్క రాత్రిలో పోయింది, మళ్ళీ వెళ్ళేసరికి మీది అదే క్లాసు, అదే పుస్తకం, కాకపోతే తడిసిపోయుంటుంది. అక్కడ 1991 మార్చిలో మొదలైన గొడవ 2002 జనవరికి గానీ ముగిసిందని ప్రకటించలేదు. ఒకటో క్లాసులో చేరాల్సిన పిల్లాడికి ఈలోగా మీసాలొచ్చేశాయి. వాణ్ణి ఆరేళ్ళ పిల్లల పక్కన కూర్చోబెడితే మోకాళ్ళు బెంచీ కింద పట్టవు, మర్నాడు సిగ్గుతో మానేస్తాడు.

అందుకని ఆరేళ్ళ ప్రైమరీ చదువుని మూడేళ్ళకి కుదించి ఈ పెద్దపిల్లలకి వేరే క్లాసులు పెట్టారు, మన దగ్గర పనిలోంచి తెచ్చిన పిల్లలకి బ్రిడ్జి కోర్సు పెట్టేవాళ్ళే, ఆ తీరే అనుకోండి. ప్రైమరీలో ఫీజులు కూడా తీసేసేసరికి 2001 నించి నాలుగేళ్ళు తిరక్కుండా పిల్లల లెక్క రెట్టింపయిపోయింది. బళ్ళేమో సగం కాలిపోయున్నాయి, టీచర్లు చాలరు, సర్కారు జీతం లేని టీచర్లని చాలా ఊళ్ళలో జనమే పోషించుకున్నారు.

ఇంక తుపాకీ పట్టిన పిల్లల సంగతి. దాదాపు 7 వేల మంది పిల్లలు ఆయుధాలు దించి బయటికొచ్చారు. వీళ్ళు బడికొస్తుంటే వీళ్ళ వల్ల ఇల్లు కాలినవాడి కొడుకు అదే బెంచీ మీద ఉంటాడు కదా, పైగా వీళ్ళకి ఊరికే పుస్తకాలిస్తే ఎవడికైనా ఒళ్ళు మండుద్ది. అక్కడొక తెలివైన పని చేశారు, నాకైతే మొత్తంలో ఇదే నచ్చింది: అలాంటి పిల్లాణ్ణి చేర్చుకున్న బడికి సామాన్లు ఇచ్చారు, అవి ఆ బళ్ళో పిల్లలందరివీ. వాడొస్తే మనకీ నోటుబుక్కులొస్తాయి అన్నమాట.

ఆడపిల్లల దగ్గర మాత్రం తప్పారు. ఎత్తుకుపోయిన ఆడపిల్లల్లో చాలామంది చేతిలో తుపాకీ లేదు, అందుకని ఆయుధాలు దించినవాళ్ళ లిస్టుల్లోకే రాలేదు, చంకలో బిడ్డతో మిగిలిపోయారు. తర్వాతెప్పుడో 2015లో గర్భంతో ఉన్న అమ్మాయిలు బడికి రాకూడదని సర్కారే అంది, 2020లో గానీ ఎత్తెయ్యలేదు, దీనికి యుద్ధాన్ని కూడా తిట్టలేం.

మీవాడితో మ్యాప్ వేయించండి, పశ్చిమాఫ్రికాలో గినీ, లైబీరియాల పక్కన ఉంటుంది. తూర్పున కోనో అనే జిల్లాకి రంగు వేరే వెయ్యమనండి, వజ్రాలు అక్కడివే, తుపాకులకి డబ్బెక్కడిదని టీచరు అడిగితే వేలు అక్కడ పెట్టి చూపిస్తాడు.