రాజుల కవచాల బొమ్మ అసలుదేనా?

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో పాత రంగుల బొమ్మ దొరికింది. లండన్ టవర్ కోటలో కవచాలు తొడిగిన రాజుల బొమ్మలు గుర్రాల మీద వరసగా ఉన్నాయి. కింద బొజ్జలాయన, నోరెళ్లబెట్టిన జనం, కర్రతో చూపించే కాపలాదారు. ఇది అసలు అచ్చేనా? ఫ్రేము కట్టించవచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఆ రాజుల వరసను 17వ శతాబ్దం నుంచే జనానికి చూపేవారు. 11వ శతాబ్దపు ఇంగ్లండ్ రాజు మొదటి విలియంకు కూడా కొన్ని వందల ఏళ్ల తర్వాత వచ్చిన రేకు కవచం తొడిగారు. 1826-27లో కవచాల పండితుడు శామ్యూల్ మేరిక్ వాటిని కాలక్రమంలో సర్దేదాకా చెప్పిందల్లా నమ్మడమే. అందుకే ఇలాంటి బొమ్మల్లో అసలు చూడాల్సింది కవచాలు కాదు, జనం ముఖాలు.

పది రెట్లు పెంచే భూతద్దం పెట్టండి. నీలం, ఎరుపు, పసుపు చుక్కలు క్రమంగా పేర్చినట్టుంటే ఆఫ్‌సెట్ కాపీ. రాగిరేకు అచ్చులో గీత మీద సిరా కాస్త ఉబ్బుగా ఉంటుంది. రేకును ఆమ్లంతో గరుకు చేసే ఆక్వాటింట్ పద్ధతిలో వేసిన నీడలైతే ఎండిన చెరువు బీటల్లా అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. చేత్తో వేసిన రంగు అక్కడక్కడా గీత దాటుతుంది. చుట్టూ రేకు నొక్కిన గుంత ఉందని మాత్రం నమ్మేయకండి, దాన్ని కాపీల మీదా నొక్కుతారు.

అచ్చుబొమ్మల హక్కుల కోసం బ్రిటన్‌లో వచ్చిన 1735 చట్టం వల్ల బొమ్మ కింద ప్రచురణకర్త పేరు, తేదీ వేసేవారు. అంచు కత్తిరిస్తే ఆ వరస పోతుంది. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి: నీటిగుర్తులో (కాగితం తయారీలోనే పడే వాటర్‌మార్కు) సంవత్సరం ఆ తేదీకి తర్వాతిదైతే, అదే రేకు మీద ఆలస్యంగా తీసిన ప్రతి. విలువ తగ్గుతుంది గానీ నకిలీ కాదు.

ఫ్రేము కట్టించండి, లామినేషన్ మాత్రం వద్దే వద్దు. సెల్లోటేపు కూడా వద్దు. వెనక హార్డ్‌బోర్డు తగిలితే కాగితం గోధుమరంగుకు తిరుగుతుంది. ఆమ్లంలేని అట్ట అడగండి. అద్దానికీ బొమ్మకీ మధ్య మౌంటు (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం) తప్పనిసరి. లేకపోతే కార్తీకమాసపు వానల్లో చెమ్మకు రంగు అద్దానికి అంటుకుంటుంది. పైఅంచున రెండుచోట్ల పల్చటి జపాను కాగితపు పట్టీలు గోధుమపిండి జిగురుతో అతికిస్తే చాలు. బైండింగు వాళ్లు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుతారు, అది కలపనివ్వకండి: అందులోని రాగి కాగితాన్ని పెళుసు చేస్తుంది. వాన కొట్టే బయటిగోడకు కాకుండా లోపలిగోడకు, ఎండ తగలనిచోట తగిలించండి. ఫ్రేము వెనక నాలుగు మూలలా బెండుముక్కలు పెడితే గాలి ఆడుతుంది. మచ్చలున్నా తడిగుడ్డ పెట్టకండి, అవి నీటిరంగులు.